వీలైతే చూడు

మా గది తలుపు మీద పేరు లేదు.
రీగాలో పెద్ద తపాలా కార్యాలయం, వెనక మెట్ల కింద,
చిరునామా చెరిగిన ఉత్తరాలన్నీ
చివరికి మా బల్లల మీదికే వస్తాయి.
వానకి కరిగిన సిరా, ముసలి చేతుల వణుకు,
ఇప్పుడు లేని వీధుల పేర్లు.
వాటిని ఇల్లు చేర్చడం మా పని.

తాలివాల్డిస్ ఇంటర్వ్యూకి వచ్చినరోజు
మార్కులు వేసింది నేనే.
కళ్ళలోకి చూడడు: రెండు తగ్గించాను.
చొరవ లేదు: ఇంకో రెండు.
అరగంటసేపూ అతను నా బల్ల మీది కవరునే చూశాడు.
లేచి వెళ్తూ అన్నాడు,
"అది మూడు కాదు, రెండు.
కుల్డీగా కాదు, తాల్సీ."
పదకొండు రోజులుగా ఆ కవరుని
నేను అటూ ఇటూ తిప్పుతున్నాను.

ఉద్యోగం ఇచ్చాను.
ఇచ్చి, ఏదో పెద్ద పని చేశాననుకున్నాను.

మొదటి వారమే అడిగాడు, ఆ ట్యూబులైటు ఆర్పవచ్చా అని.
ఎందుకూ?
"అరుస్తోంది."
తలెత్తి విన్నాను. ఏమీ లేదు. నవ్వాను.
నాకు వినబడనిది లేనట్టే కదా,
పై అధికారిని కదా మరి.

మంగళవారం "వీలైతే ఈ కట్ట చూడు" అన్నాను.
శుక్రవారానికి కట్ట ముడి కూడా విప్పలేదు.
"వీలు కాలేదు, చూడలేదు" అన్నాడు,
తప్పేమీ చెయ్యని ముఖంతో.
చెయ్యలేదు కూడా.
నేను అన్నదొకటి, అనుకున్నదొకటి.
ఆ రెంటి మధ్య సందుని మిగతావాళ్ళం
చిన్నప్పుడే దూకడం నేర్చి మరిచిపోయాం.
అతను అంచున ఆగి
లోతెంతో చెప్పమంటాడు.

ఈ దేశంలో పుట్టినరోజు కాక పేరుకీ ఓ రోజు ఉంటుంది క్యాలెండరులో.
పిలుపులుండవు, వచ్చేస్తారు.
పద్దెనిమిది మందిమి వచ్చాం, బేసి లెక్కన పూలతో,
కుంకుమపువ్వు వేసిన క్లింగెరిస్ రొట్టెతో, పాడుకుంటూ.
కుర్చీ ఖాళీ.
తపాలా సంచుల గదిలో దొరికాడు,
చెవులు మూసుకుని, ముందుకీ వెనక్కీ ఊగుతూ.
"ఇంత ప్రేమ చూపిస్తే ఇదా?" అన్నాడు ఐవార్స్.
ఆ ప్రేమని ఎవరి కొలతలకి కుట్టించాం?
అడగలేదు. పూలు పట్టుకుని నిలబడ్డాను.

తరవాత మీరేం చేశారని
హెడ్డాఫీసు ఫారమ్ పంపింది.
రాయడానికి ఎంతో లేదు.
ట్యూబు తీయించి రెండు టేబుల్ లాంపులు పెట్టాను.
మీటింగులో ఏం మాట్లాడతామో ముందురోజే చీటీ ఇస్తాను.
"వీలైతే" మానేసి "గురువారం మూడింటికి" అంటాను,
చాలా రోజులు నోరు తిరగలేదు.
అతని ప్రత్యేక ప్రతిభ ఏమిటో వివరించమని ఓ గడి.
ప్రతిభ లేకపోతే లైటు ఆర్పరా?
ఆ గడి ఖాళీగా వదిలేశాను.

ఒక్కటి మాత్రం ఏ గడిలోనూ పట్టలేదు.
ట్యూబు తీసిన సాయంత్రం,
ఇరవై మూడేళ్ళుగా నా పక్కబల్ల విజ్మా
కణతలు నొక్కుకోలేదు.
"నీకూ వినబడేదా?"
"రోజూ."
"చెప్పలేదేం?"
"ఎవరూ చెప్పలేదుగా."

అంతా చక్కబడిందని కాదు.
ఐవార్స్ రాసిన నోటీసులోని తప్పులు
అందరి ముందూ పైకి చదివాడు తాలివాల్డిస్.
ఐవార్స్ ఇప్పటికీ అతనికి నమస్కారం పెట్టడు.
పెట్టడం లేదని ఇతను గమనించలేదేమో,
గమనించి ఊరుకున్నాడేమో,
నాకు తెలియదు. అడిగితే చెబుతాడు.
అడగడానికే నాకింకా మొహమాటం.

ఈ ఏడు ఎవరం పాడలేదు.
తలో కార్డూ రాసి అతని ట్రేలో పెట్టాం.
మధ్యాహ్నానికి ఒక్కో కార్డు మీదా ముద్ర పడింది:
చేరింది, తేదీ, వేళ.
నాది మాత్రం వెనక్కి వచ్చింది,
ఒక వాక్యం కింద పెన్సిల్ గీతతో.

"'ఎప్పటిలాగే ఉండు' అని రాశారు.
ఏ ఎప్పటిలాగా?"

నాలుగు రోజులైంది.
జవాబు ఇంకా రాస్తున్నాను.